రాజాం నుంచి హ్యాంప్‌షైర్‌కు: పరాయి యజమానులు, ఊరి జట్లు, అభిమానుల కోపం

విదేశీ సొమ్ము ఊరి జట్టును కొనేస్తోందన్న చర్చలో తెలుగువాళ్లం సాధారణంగా ప్రేక్షకులం. ఉత్తరాంధ్ర నుంచి చూస్తే మాత్రం కొనేది మనవాళ్లే. 2024లో ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్ కౌంటీ క్రికెట్ క్లబ్‌లో మెజారిటీ వాటా తీసుకున్న జీఎంఆర్ గ్రూపు అధినేత గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. ఆయన ఇంజనీరింగ్ చదివింది ఆంధ్రా విశ్వవిద్యాలయంలో. 1863లో ఏర్పడిన ఆ క్లబ్బు, విదేశీ యజమాని చేతికి వెళ్లిన తొలి ఇంగ్లిష్ కౌంటీ.

అయినా అక్కడ పెద్ద అలజడి రేగలేదు. ఇంగ్లండ్‌లో చాలా కౌంటీలు సభ్యుల సొత్తు. అమ్మాలంటే వాళ్ల ఓటు కావాలి. హ్యాంప్‌షైర్ మాత్రం ఈ శతాబ్దం మొదట్లోనే అప్పుల ఒత్తిడిలో కంపెనీగా మారి, రాడ్ బ్రాన్స్‌గ్రోవ్ అనే ఇంగ్లిష్ వ్యాపారి అండన బతికింది. సభ్యుల హక్కు అప్పుడే పోయింది, అదీ స్వదేశీయుడి హయాంలోనే. 2024 నాటికి వాళ్లు కొత్తగా పోగొట్టుకునేది పెద్దగా లేదు.

ఈ వివరణ ఒక్కటే చాలదని బ్లాక్‌బర్న్ రోవర్స్ చెబుతుంది. 1875 నాటి ఆ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులకూ ఓటు లేదు. దాన్ని నడిపి 1995లో ప్రీమియర్ లీగ్ గెలిపించిన జాక్ వాకర్ ఆ ఊళ్లోనే పుట్టిన ఉక్కు వ్యాపారి. 2010 నవంబరులో క్లబ్బును వెంకీస్ కొంది. తెలుగువాడైన బండా వాసుదేవరావు స్థాపించిన, పుణె కేంద్రంగా నడిచే కోళ్ల పరిశ్రమ అది. నెల తిరక్కుండానే మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేశారు. కొద్ది నెలల్లో ఛైర్మన్ జాన్ విలియమ్స్ కూడా వెళ్లిపోయారు. 2012 మే 7న విగాన్‌తో ఆడుతుండగా ఎవరో క్లబ్బు జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. ఆ రాత్రే జట్టు కింది డివిజన్‌కు జారింది. యజమాని వ్యాపారాన్నే ఎగతాళికి వాడిన ఈ నిరసన పరాయితనం మీద కసిలా కనిపిస్తుంది. కానీ కోపం రాజుకున్న క్రమం చూస్తే, ఊరి సంగతి తెలిసిన మనుషుల్ని ఒక్కొక్కరినీ పోగొట్టుకోవడమే అసలు గాయమనిపిస్తుంది. హ్యాంప్‌షైర్‌లో జీఎంఆర్ బ్రాన్స్‌గ్రోవ్‌ను ఛైర్మన్‌గా కొనసాగించింది. రెండు చోట్లా యజమానులు భారతీయులే, అభిమానులకు ఓటు లేకపోవడమూ రెండు చోట్లా ఒకటే. తేడా వచ్చింది ఆ మనుషుల్ని ఉంచుకోవడంలో.

మరి విశాఖ? జీఎంఆర్ సహ యజమానిగా ఉన్న ఐపీఎల్ జట్టు ఢిల్లీ క్యాపిటల్స్ 2024లో రెండు 'సొంత' మ్యాచ్‌లు ఇక్కడే ఆడింది. మార్చి 31న చెన్నైతో ఆట జరుగుతుంటే గ్యాలరీలు చెన్నై పసుపు రంగులో ఉన్నాయి. ఆతిథ్య జట్టు గెలిచింది. హోరెత్తింది మాత్రం చెన్నై ఆటగాడు ధోనీ 16 బంతుల్లో చేసిన 37 పరుగులకు. 2005 ఏప్రిల్‌లో పాకిస్థాన్‌పై అతను 148 కొట్టింది ఈ స్టేడియంలోనే కాబట్టి, ఆ పసుపు వెనుక ఊరికి తన సొంత లెక్క ఉంది. యజమాని ఉత్తరాంధ్రవాడన్నది ఆ లెక్కలోకి రాలేదు. 2025లోనూ రెండు మ్యాచ్‌లు ఆడి జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. విశాఖలో ఎవరూ కోడిని వదల్లేదు.