రిపేరియం: ఒడ్డు మొక్కల అక్వేరియం

నీటి ఒడ్డున పెరిగే మొక్కలను గాజుతొట్టెలో పెంచే పద్ధతి రిపేరియం. తొట్టెను సగమో, మూడింట రెండు వంతులో నింపుతారు. వేర్లు నీటిలో, ఆకులు గాలిలో ఉంటాయి. హుగ్లీ ఒడ్డున ఉన్న హౌరాలో నమూనాలకు కొదవ లేదు. 1787లో మొదలైన శిబ్‌పూర్ బొటానిక్ గార్డెన్ చెరువుల గట్లే మంచి పాఠం.

చిల్లులున్న ప్లాస్టిక్ కప్పులో గులకరాళ్ళు పోసి, వస, చేమ, బకోపా వంటివి నాటి, సక్షన్ కప్పులతో వెనక గాజుకు తగిలిస్తారు. కప్పు అంచు నీటిమట్టానికి కాస్త పైన ఉండాలి. తూటికూర కూడా బతుకుతుంది గానీ, వారం ఏమరితే తొట్టెంతా అల్లుకుంటుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియా, నైట్రేట్‌లను వేర్లు పీల్చుకుంటాయి. ఆకులకు కార్బన్ డయాక్సైడ్ గాలి నుంచే అందుతుంది కనుక గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు. ఈ పద్ధతికున్న అసలు బలం ఇదే.

కొత్త తొట్టెలో మేలుచేసే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది; అంతవరకు చేపలు వదలరాదు. బెంగాల్ నీళ్ళలో సహజంగా దొరికే హనీ గౌరామి దీనికి చక్కగా సరిపోతుంది. అది పైకొచ్చి గాలి మింగుతుంది కాబట్టి ఆకులు నీటిని పూర్తిగా కప్పేయకుండా చూడాలి.

కత్తిరించిన తీగలను చెరువులో పారేయడం పెద్ద తప్పు. వలస పక్షులు దిగే సాంత్రాగాచి ఝీల్‌కు గుర్రపుడెక్క బెడద ఇప్పటికే ఉంది.