ఏడు చేపలూ, ఒక కంప్యూటరూ

ఇంట్లో అన్ని వస్తువులూ అరిగిపోయి ముసలివవుతాయి. ఒక్క కంప్యూటరు మాత్రం అరక్కుండానే ముసలిదవుతుంది. కొన్నప్పుడు చేసిన పనులన్నీ యివాళా చేస్తూనే వుంటుంది. కానీ పిల్లలు కొత్త ఆట ఒకటి తెచ్చి అందులో పెడతారు. బొమ్మ కదలదు. “ఇది పాతబడిపోయిందమ్మా, కొత్తది కొందాం” అంటారు. కొనాలా, బాగుచేయించాలా? ఈ తగువు మన ఇంటిది మాత్రమే కాదండోయ్, దీనికి నలభయ్యేళ్ళు దాటిన చరిత్ర వుంది.

1981 ఆగస్టులో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ తన మొదటి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. లోపలి మదర్ బోర్డు మీద అయిదు స్లాట్లు పెట్టింది. ముందు ముందు ఇంకో అంతస్తు వేసుకోవచ్చని డాబా మీద ఇనప ఊచలు పైకి వదిలేస్తాం చూడండి, అలాగన్నమాట. పైగా లోపలి వివరాలన్నీ పుస్తకంగా అచ్చువేసి అమ్మింది. దాంతో ఆ స్లాట్లలో పట్టే కార్డులు ఎవరైనా తయారుచేసే వీలు కలిగింది. ఈనాడు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు విడివిడిగా దొరుకుతున్నాయంటే, దాని మూలం ఆ స్లాట్లలో వుంది.

ఆ మొదటి కంప్యూటరుకి గొంతు లేదు, ‘బీప్’ మనేదంతే. 1989లో సింగపూరు కంపెనీ క్రియేటివ్ ‘సౌండ్ బ్లాస్టర్’ కార్డుతో ఆటలకి సంగీతం తెచ్చింది. 1993 డిసెంబరులో టెక్సాస్‌లోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ ‘డూమ్’ ఆటను వదిలింది. దానికి 386 చిప్పూ, 4 మెగాబైట్ల మెమరీ వుండి తీరాలి. సాఫీగా ఆడాలంటే 486 కావాలి. ఆ రోజుల్లోనే ఆటలు సి.డి.ల మీదికి ఎక్కాయి. సుమారు 450 ఫ్లాపీల సరుకు ఒక్క సి.డి.లో పట్టేది. మరి దానికో డ్రైవు! 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ ‘వూడూ’ కార్డు వచ్చింది. పాత కార్డును తీసెయ్యనక్కర్లేదు. రెండింటినీ వెనకవైపు చిన్న తీగతో కలిపేవారు. మామూలు పని పాతది, ఆటల పని కొత్తది చూసుకునేవి. అంత వెలిగిన కంపెనీ కూడా నాలుగేళ్ళకే చతికిలబడి, తన ఆస్తిని పోటీదారు ఎన్విడియాకి అమ్ముకుంది!

ఇక అసలు చిక్కు చూడండి. కొత్త కార్డు కొన్నాం, ఆట ఎందుకు నడవదు? కరెంటు చాలలేదు. పవర్ సప్లయి మార్చాం. కార్డు పొడుగైంది, పెట్టెలో పట్టలేదు. ప్రాసెసరు మారుద్దామంటే మదర్ బోర్డు ఒప్పుకోదు. బోర్డు మారిస్తే పాత మెమరీ దానికి పట్టదు. అచ్చంగా ఏడు చేపల కథే కదూ! ఆ కథలో రాజకుమారుడు ఎండని చేపను విసిరి పారెయ్యలేదు. ఒక్కొక్కరినే అడుగుతూ చీమదాకా వెళ్ళాడు. మనమూ అంతే చెయ్యాలి. ఆట మొదలవడానికే యుగాలు పడుతూ, లోపల పాతకాలపు హార్డ్ డిస్కు వుందా? అయితే చీమ అదే కావచ్చు, ఎస్.ఎస్.డి. వేస్తే సరి. బొమ్మ తడబడుతోందా? గ్రాఫిక్స్ కార్డును అనుమానించాలి. చీమ మదర్ బోర్డు దాకా వెళ్ళిందంటే మాత్రం అది మరమ్మతు కాదు, సగం కొత్త కంప్యూటరే. అక్కడ ఆగి లెక్క వేసుకోవాలి.

“ఆటల కోసం ఇంత ఖర్చా?” అంటారా? 2012లో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయంలో ముగ్గురు పరిశోధకులు లక్షల ఫొటోలు చూపించి కంప్యూటరుకి వస్తువుల్ని గుర్తుపట్టడం నేర్పారు. అందుకు వాడినవి ఆటల కోసం తయారైన ఎన్విడియా కార్డులు రెండు. పట్టిన సమయం అయిదారు రోజులు. ఇవాళ అందరూ చెప్పుకునే కృత్రిమ మేధకి బాట వేసిన పనుల్లో అదొకటి. లక్షలాది ఇళ్ళలో పిల్లలు ఆటలకని అడిగి కొనిపించుకోబట్టే కదా, అలాంటి కార్డులు బజారులో అందే ధరకి దొరికాయి!

అందుకని మీ అబ్బాయో అమ్మాయో కొత్తది కొనమన్నప్పుడు వెంటనే “సరే” అనకండి, “వీల్లేదు” అనీ అనకండి. “ముందు చీమ ఎక్కడుందో చెప్పు” అనండి. ఆ జవాబు తేవాలంటే ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, ఏది ఏమిటో తెలుసుకోక తప్పదు. మీ డబ్బు ఎంత మిగులుతుందోగానీ, ఆ చదువు మాత్రం వాళ్ళకి మిగులుతుంది.