ప్రూఫ్ నాణెములు: వన్నెయు, వెలయు

బంగారమునకు వన్నె కట్టుట మనవారికి తరతరములుగా తెలిసిన విద్య. కంసాలి నగను ఒరగల్లుపై గీసి, ఆ గీటు రంగును చూచి, ఇది ఇన్ని వన్నెల బంగారమని చెప్పెడివాడు. పదహారు వన్నెలదైనచో మేలిమి. ఆ అంకె లోహమునకు సంబంధించినది. వేరొక కంసాలి గీసి చూచినను దాదాపు ఆ మాటే చెప్పును. అమెరికాలో నాణెములు సేకరించువారు నేడు 70 అంకెల కొలబద్ద నొకదానిని వాడుచున్నారు. అది లోహమును కొలుచునది కాదు. కంటికి కనబడు రూపమును కొలుచునది. ఆ కొలత మూలమున ఒక్క సెంటు నాణెము వేల డాలర్లకు అమ్ముడుపోయిన సందర్భము కలదు. అది చెప్పుటకు ముందు ప్రూఫ్ నాణెమనగా నేమో తెలిసికొనవలెను.

ప్రూఫ్ అనునది పలువురు అనుకొనునట్లు నాణెము యొక్క స్థితి కాదు, అది తయారైన పద్ధతి. అచ్చు సరిగా వచ్చినదో లేదో చూచుకొనుటకు టంకశాలవారు శ్రద్ధగా కొట్టి చూచెడి మచ్చు నాణెములే వీనికి మూలము. పేరు కూడ అందువలన వచ్చినదే. చెల్లుబడికై కొట్టు నాణెము ఒక్క దెబ్బతో తయారై, తక్కిన వానిపై పడి ఒరసికొనుచు సంచిలో చేరును. ప్రూఫ్ నాణెమునకు అచ్చును, లోహపు బిళ్ళను గూడ ముందుగా మెరుగుపెట్టుదురు. కనీసము రెండు మారులైనను కొట్టుదురు. అందుచే దాని నేలభాగము అద్దమువలె మెరయును. ఉబ్బెత్తుగా లేచిన బొమ్మ మంచు పట్టినట్లు తెల్లగా, మెరుపులేక కనబడును. ఈ రెంటి భేదమునే సేకర్తలు కామియో అందురు.

కొంతకాలము ఆగిన ఈ పనిని అమెరికా టంకశాల 1936లో ఫిలడెల్ఫియాలో మరల ప్రారంభించెను. ఆ యేడు కొట్టిన పావుడాలరు ప్రూఫులు 3,837 మాత్రమే. యుద్ధకాలమున 1942 తరువాత ఆగి, 1950లో తిరిగి మొదలైనవి. 1957 నాటికి పెట్టెలుగా అమ్మినవి 12,47,952, 1964లో 39,50,762. మరల మూడేండ్లు ఆగి, 1968 నుండి పని శాన్‌ఫ్రాన్సిస్కోకు మారినది. ఇన్ని లక్షలుగా తయారగు వస్తువు అరుదెట్లగును?

ఇక్కడనే చిక్కు కలదు. బొమ్మకు తెల్లదనము వచ్చుటకు ఆ రోజులలో అచ్చును ఆమ్లముతో గరుకు చేసెడివారు. ఆ గరుకు మొదటి కొద్ది నాణెములతోనే అరిగిపోయెడిది. పిదప వచ్చినవానికి బొమ్మయు నేలయు ఒక్కటిగా మెరసెడివి. 1970 దశకములో అచ్చులకు క్రోమియపు పూత వేయుట అలవాటైన తరువాతనే ఆ తెల్లదనము నిలుకడగా రాసాగెను. కాబట్టి అంతకుముందు కాలపు ప్రూఫులలో గాఢమైన కామియో గలది దొరకుట కష్టము. నేటివానిలో అది లేకుండుటయే వింత.

ఇక 70 అను కొలబద్ద సంగతి. దీనిని కల్పించినది విలియం షెల్డన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు; మనుష్యుల శరీరాకృతులను వర్గములుగా విభజించి పేరు పొందినవాడు. ఆయన 1949లో ప్రకటించిన గ్రంథము ప్రాచీన అమెరికా సెంట్లను గూర్చినది. గుర్తుపట్టుటకు వీలులేనంతగా అరిగిపోవనున్న సెంటు వెల ఒక డాలరైనచో, అదే రకములో లోపములేనిది 70 డాలర్లు పలుకుచుండెనని ఆయన లెక్క. అనగా ఆ అంకె మొదట అందమును గాక ధరల నిష్పత్తిని తెలుపునది. ధరలు కొలది కాలములోనే మారిపోయి లెక్క తప్పినది. అంకె మాత్రము మిగిలి, 1977లో అమెరికా నాణెముల సంఘము వారి ప్రమాణ గ్రంథములో అన్ని నాణెములకును వర్తించినది. షెల్డన్ 1977లో మరణించిన పిమ్మట, ఒక ప్రసిద్ధ నాణెశాస్త్ర సంస్థ సేకరణ నుండి ఆయన మేలైన సెంట్లను తీసికొని, తనవి తక్కువరకమువి వానిస్థానమున నుంచెనని బయటపడినది. అంకెల భేదమును ఆయనకన్న బాగుగా ఎరిగినవారు లేరు గదా!

1986లో కాలిఫోర్నియాలో పీ.సీ.జీ.ఎస్., మరుసటి యేడు ఎన్.జీ.సీ. అను సంస్థలు ఏర్పడినవి. అమ్మువాడును కొనువాడును గాక మూడవ వ్యక్తి నాణెమును చూచి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో ముద్రించి ఇచ్చుట వీని పని. ప్రూఫులకు సాధారణముగా 60 మొదలు 70 వరకు వేయుదురు. అయిదురెట్లు పెద్దది చేసి చూపు భూతద్దములో సైతము ఏ లోపమును కనబడనిచో 70. సన్నని గీతయో చిన్న మచ్చయో ఉన్నచో 69. వట్టి కంటికి ఈ రెంటికి తేడా తెలియదు.

1963లో అయిదు నాణెముల ప్రూఫ్ పెట్టెలు 30,75,645 అమ్ముడైనవి. పెట్టెకు 2 డాలర్ల 10 సెంట్లు. లోపలి నాణెముల చెల్లుబడి విలువ 91 సెంట్లు. అట్టి పెట్టెలలోని ఒక లింకన్ సెంటు, గాఢ కామియోతో 70 అంకె పొంది, 2003లో 39,100 డాలర్లకు వేలములో పోయినది. వెల కట్టినది ఆ సెంటునకా, ఆ అంకెకా? నా అభిప్రాయమున అంకెకే. 70 అంకె గలది అరుదని చెప్పినప్పుడు, ఇంతవరకు పరీక్షకు వచ్చినవానిలో అరుదని మాత్రమే అర్థము. తక్కిన ముప్పది లక్షలలో ఎన్నియో సొరుగులలో నుండును. ఒకదానికి వేలు పలికెనని తెలిసినచో అవి ఒక్కొక్కటియే బయటికి వచ్చును. సంస్థల లెక్కలలో 70ల సంఖ్య పెరుగునే గాని తరుగుట అపురూపము. ఇటీవలి ప్రూఫులలోనైతే అధికభాగము 69గాని 70గాని పొందునవే. కొన్నిటికి పరీక్షరుసుమే నాణెము ధరను మించును. పైగా రాగిపాలు హెచ్చుగా గల సెంటునకు పెట్టెలోనున్నను మచ్చలు పడవచ్చును.

మన బొంబాయి టంకశాల 1950లో గణతంత్ర భారతపు తొలి నాణెములను ప్రూఫులుగా గూడ కొట్టినది. అట్టివి ఇంట నున్న శ్రోతలకు ఒక్క మాట: రాగిచెంబును తోమినట్లు చింతపండుతో వానిని తోమవలదు. తోమిన నాణెమునకు పరీక్షకులు అంకెయే వేయరు. వ్రేళ్ళతో ముఖమును తాకినను గుర్తు నిలిచిపోవును. అంచు పట్టుకొని ఎత్తవలెను.

అంకెతో పనిలేని అరుదుతనమును గూడ చెప్పవలెను. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రూఫులపై ఎస్ అను అక్షరముండును. 1975 నాటి పది సెంట్ల ప్రూఫులలో ఆ అక్షరము లేక వెలువడినవి నేటికి రెండే తెలియును. ఒకదానిని ఒహాయో రాష్ట్రమునకు చెందిన తల్లియు కుమారుడును 1978లో 18,200 డాలర్లకు కొని, నలుబది యేండ్లకు పైగా బ్యాంకు పెట్టెలో దాచిరి. అతడు గతించిన పిమ్మట అది ముగ్గురు అక్కచెల్లెండ్రకు సంక్రమించినది. 2024 అక్టోబరులో దానిని వేలమునకు పెట్టగా 5,06,250 డాలర్లు వచ్చినవి. దాని పెట్టెపై నున్న అంకె 70 కాదు.