ఆటగాఁడు, కావ్యవస్తువు: అమ్ముగూడ బలరాముఁడు

కందుకక్రీడ మన కావ్యములకుఁ గ్రొత్తది కాదు. దండి దశకుమారచరితమున మిత్రగుప్తుని కథయందు సుహ్మదేశపు రాజపుత్రి కందుకావతి దేవతాప్రీతికై ప్రతిమాసమునఁ గృత్తికానక్షత్రము నాఁడు చెండాడును. ఆ గ్రంథమును గేతన తెనిఁగించెను. సుహ్మము వంగదేశభాగము. ఆ చెండు చేతిది. ఇరువదవ శతాబ్దమున నదే వంగదేశమునఁ బ్రజల నుఱ్ఱూఁత లూఁపినది కాలిబంతి. ఈ బంతి నాడినవారికిఁ గావ్యముతోడి సంబంధ మెట్టిది? తామే రచయితలైరా, పరుల రచనకు వస్తువులైరా? భాగ్యనగరపు టుత్తరపార్శ్వమున జనించిన తులసీదాస్ బలరాముని చరిత్ర యీ ప్రశ్నకుఁ దగిన యుదాహరణము.

సికింద్రాబాదునుండి బొల్లారము మీఁదుగా మేడ్చలునకుఁ బోవు రైలుమార్గమున అమ్ముగూడ యను స్టేషను గలదు. ఆ యూరనే తమిళము మాటలాడు నొక కుటుంబమున బలరాముఁడు పుట్టెను. అతని యాట చూచి మెచ్చి హైదరాబాదు జట్టులోనికిఁ దెచ్చినవాఁడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆటస్థలమునకు రోజును బోవుటకు వ్యయము చాలక యద్దెసైకిలుపై వచ్చెడివాఁడని చెప్పుదురు. 1956 మెల్‌బోర్న్, 1960 రోము ఒలింపిక్ క్రీడలలో నతఁడు భారతజట్టున నాడెను. రోములో హంగరీపైనఁ, బెరూపైనఁ గూడ గోలు చేసెను. 1957లోఁ గలకత్తా యీస్ట్ బెంగాల్ క్లబ్బునఁ జేరి, 1961లో దానికి నాయకుఁడై లీగు విజయము తెచ్చెను. శ్వాసకోశవ్యాధి పీడింపఁగాఁ జిన్నవయసుననే యాట మానవలసి వచ్చెను. తరువాత హుగ్లీతీరపు టుత్తర్‌పాడాలో నివసించి, 2023 ఫిబ్రవరి 16వ తేదీన మరణించెను.

రహీము వృత్తిచే నుపాధ్యాయుఁడు. అతని శిక్షణమునఁ బాఠశాలపద్ధతియే కనఁబడును. బంతిని కాలియొద్ద నిలుపుకొని యెదిరిని తప్పించుట నిషిద్ధమైన పోటీలును, అలవాటులేని కాలితోనే తన్నవలసిన పోటీలును నతఁడు నడిపెను. యతిప్రాసల నిర్బంధము కవి చేతిని బిగించుటకుఁ గాక సాధన చేయించుట కేర్పడినట్లే, ఈ నియమములును నాటగానికి లేని నేర్పును గలిగించినవి. అతఁడు తీర్చిన హైదరాబాదు నగరపోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల యంతిమపోటీలో భారతజట్టు ఇరానును 1-0తో నోడించి స్వర్ణపతకము గొనెను. 1956లో మెల్‌బోర్నున నాలుగవ స్థానము లభించెను. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణకొరియాపై 2-1తో రెండవ స్వర్ణము. మఱుసటి సంవత్సరము జూను 11వ తేదీన రహీము గతించెను.

ఈ గురుశిష్యుల వృత్తాంతము 2024 ఏప్రిలులో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రమై వెలువడెను. దర్శకుఁడు అమిత్ శర్మ. రహీము పాత్రధారి అజయ్ దేవగన్. కథ 1952 హెల్సింకి పరాజయముతో, అనఁగా యూగోస్లావియాచేతఁ 10-1 యోటమితో నారంభమై జకార్తా విజయముతో ముగియును. పరాభవమునుండి యభ్యుదయమునకుఁ బోవు నీ క్రమము వీరరసమునకు ననుకూలము. రసవిరోధియైన యితివృత్తాంశమును విడిచి, యనుకూలమైనదానిని గల్పింపవచ్చునని ఆనందవర్ధనుఁడే యనుమతించెను. కావునఁ గల్పిత ప్రతినాయకులను జొప్పించుట దోషము గాదు. కాని 1951 స్వర్ణమును, రోవర్సు కప్పుల యారంభమును గథాకాలమునకు వెలుపలఁ బడుటచే, రహీము ప్రతిభ యోటమినుండియే పుట్టినదని ప్రేక్షకుఁడు భ్రమించుట కవకాశము గలదు. నిజమునకుఁ దత్పూర్వమే యది హైదరాబాదు మైదానములలోఁ బక్వమైయుండెను. మఱి జకార్తాలోఁ దలకు గాయమైన జర్నైల్ సింగు కట్టుతో ముందువరుసలో నాడి గోలు చేయుట కవికల్పనవలెఁ దోఁచును, అది చరిత్రయే.

తానే రచయితయైన ఆటగాఁడు లేకపోలేదు. జకార్తాజట్టునకు నాయకుఁడైన చునీ గోస్వామి ‘ఖేల్తే ఖేల్తే’ యను స్వచరిత్రము వంగభాషలో వ్రాసెను. ‘ప్రథమ ప్రేమ్’ అను చలనచిత్రమున నటించెను. క్రికెట్టున వంగజట్టునకు నాయకత్వము వహించెను. కేరళీయుఁడగు ఐ.ఎం. విజయన్ జయరాజు దర్శకత్వమున ‘శాంతం’ అను మలయాళచిత్రమునఁ బ్రధానపాత్ర ధరించెను. ఆ చిత్రము జాతీయోత్తమచిత్ర పురస్కార మందెను. వంగ కేరళములలో నాటగాఁడు పుస్తకమునకుఁ, దెరకుఁ గూడఁ బరిచితుఁ డయ్యెను. తెలుఁగున నాటకాండ్ర స్వచరిత్రములు మిక్కిలి విరళము.

ఈ భేద మల్పము గాదు. స్వచరిత్ర మున్నచోఁ జిత్రమును దానితోఁ బోల్చి సత్యాసత్యములు విడఁదీయవచ్చును. అది లేనిచోఁ జిత్రమే ప్రమాణ మగును. బలరాముఁడు తన పాత్ర గల చిత్రము ప్రదర్శితమగుటకు నొక సంవత్సరమునకుఁ బైగాఁ బూర్వమే గతించెను. పోల్చి చెప్పఁగల నోరు మూతపడెను. 2016లో నేర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోను, సికింద్రాబాదు పరిసరములలోను బాఠశాల లనేకములు గలవు. ఆ నాఁటి యాటను జూచిన వృద్ధుల మాటలను, ఇండ్లలోని పత్రికాఖండములను, ఛాయాచిత్రములను నచ్చటి పండితులు విద్యార్థులచే సేకరింపఁజేసినచో నీ లోపము గొంత తీఱును. రాజుల శాసనములు ఱాతిపై నుండుటచే వేయేండ్లు నిలిచినవి. ఆటగాని కీర్తి కట్టి యాధారము లేదు, వ్రాసినదే నిలుచును.