ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు – వాని కర్తలు

మన కుల మహాసభ సంచికయందు క్రైస్తవ కీర్తనలను గూర్చిన వ్యాసమేల యని కొందఱు శంకింపవచ్చును. మన కులమున రెండు మతముల వారును గలరు. వివాహాది కార్యములందు వారి పద్ధతులు వేఱైనను భాష వేఱు కాలేదు. శృంగవరపుకోట పరిసరములందు శివరాత్రికి పుణ్యగిరి యెక్కు భక్తుల పాటలును, ఆదివారమున ప్రార్థనా మందిరములందు వినవచ్చు కీర్తనలును పల్లవి చరణముల తీరుననే నడచును. ఆ తీరు క్రైస్తవులకెట్లు సంక్రమించెనో, సంక్రమింపజేసిన మహనీయులెవ్వరో యెఱుగుట ఉభయులకును ఆవశ్యకమని మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

1805వ సంవత్సరమున లండను మిషనుకు చెందిన జార్జి క్రాన్, ఆగస్టసు డిగ్రాంజి యను నిరువురు విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి వేదభాషాంతరీకరణమునకు గడంగిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడ్పడెను. డిగ్రాంజి 1810లో మృతినొందెను. ఆయన పనిలో మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. ఎడ్వర్డు ప్రిచ్చెట్టు పూర్తిచేసిన క్రొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున వెలువడెను. ఇట్లు చదువుకొనుటకు గ్రంథము కలిగెను. ఇక పాడుకొనుటకు పాట కావలసియుండెను.

ఆంగ్లదేశమున ఐజాకు వాట్సు 1707లో ప్రకటించిన గీతముల వంటివి పరదేశపు వారికి కంఠస్థములు. వానిని తెనిగించి ఆ వరుసలలోనే పాడించుట సులభమని తోచును గాని, అందొక చిక్కు గలదు. ఆంగ్ల పద్యము అక్షరముపై నొత్తు నాశ్రయించి నడచును; మన పద్యము గురులఘువుల నాశ్రయించును. పరదేశపు వరుసకై హ్రస్వమును సాగదీసినచో "పడు" అనునది "పాడు" అగును, "కలము" అనునది "కాలము" అగును. వరుస నిలిచినను అర్థము చెడును. కావున భావము క్రైస్తవమైనను నడక తెలుగుది కావలయునని గ్రహించిన కవి యవసరమయ్యెను. ద్రావిడ దేశమున తంజావూరి వేదనాయకశాస్త్రి (1774–1864) ఈ కార్యమునే అఱవమున నెరవేర్చెను. తెలుగునకు ఆ భాగ్యము మన యుత్తరాంధ్రమునందే లభించెను.

ఆ కవి పురుషోత్తమ చౌధరి. ఈయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమునందలి మదనపురమున జన్మించెను. పూర్వులు వంగదేశపు బ్రాహ్మణులు. పుట్టిన సీమ తెలుగును ఉత్కళమును కలగలసినది. 1936లో ఒడిషా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి యందు చేరినది. 1833లో కటకమునందు బాప్తిస్మము పొంది, తరువాత బోధకుడై, 1890లో పరమపదించువఱకు ఆయన రచన మానలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున ఆయన పేర పెక్కు కీర్తనలు గలవు.

ఈ కీర్తనల నిర్మాణమును భాషాభిమానులు పరికింపదగును. పల్లవి యెత్తుగడ, చరణముల విస్తరణము, ప్రాస, రాగతాళ నిర్దేశము మన సంప్రదాయమునకు చెందినవే. సంస్కృత సమాసము ప్రక్కనే పామరునకు తెలియు తేట తెలుగు మాట నిలుచును. అక్షరము రానివారికి ప్రాసయే పుస్తకము. ఒక పాదము స్మరించినచో రెండవది దానంతట వచ్చును. అందువలననే చదువురాని ముదుసలులును ఇన్ని కీర్తనలను ధారణ చేయగలిగిరి.

చౌధరి "కులాచార పరీక్ష" యను గ్రంథమును గూడ వ్రాసి కులభేదములను విమర్శించెను. కుల మహాసభలో నీమాట కొందఱికి రుచింపకపోవచ్చును. ఐనను చరిత్రకారుడు తనకింపైన భాగమును మాత్రమే గైకొనరాదు. కులమును విడిచిన యా పండితుడు త్యాగరాజాదులు పెంచిన కీర్తన సంప్రదాయమును విడువలేదు. మతము మాఱినవాడు మన విద్యకు పరాయివాడగునని తలచువారికి ఈయన జీవితమే ప్రత్యుత్తరము.

ఆయన వెనుక పలువురు ఆ త్రోవను నడచిరి. పులిపాక జగన్నాధము, చెట్టి భానుమూర్తి, 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసు మున్నగువారి కీర్తనలు తెలుగు క్రైస్తవ సంఘములందు నేటికిని పాడబడుచున్నవి.

ఇక మన కర్తవ్యము. కీర్తనల గ్రంథమున రాగము పేరును తాళము పేరును గలవు గాని, స్వరములు సాధారణముగ నుండవు. వరుస పెద్దల కంఠమునందే యున్నది. మాట అచ్చులో మిగులును. వరుస పాడువారితో పోవును. మనకు సమీపముననే విజయనగరమున, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగా 1919లో వెలసిన సంగీత కళాశాల యున్నది. అచట చదివిన మన యువకులు, హిందువులైనను క్రైస్తవులైనను, గ్రామములకు బోయి వృద్ధులచే పాడించుకొని స్వరపఱచినచో నొక తరము విద్య నిలుచును. దాతలు విద్యార్థి వేతనముల కిచ్చు ధనములో కొంత ఈ పనికి కేటాయింపవలెనని మా విన్నపము. పుణ్యగిరి పాటలనుగూడ అట్లే లిఖింపవలయును. ఒక యింటి సొత్తును కాపాడుచు రెండవ యింటి దానిని పాడుచేసికొనుట వివేకము గాదు. రెండును మన యిండ్లే.

సర్వే జనాః సుఖినో భవంతు.