సాకో–వాంజెట్టీ అభియోగము: సాక్ష్యము, పత్రికలు, పునర్విచారణ

1920వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ అపరాహ్ణమున, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందలి సౌత్ బ్రెయిన్‌ట్రీ పట్టణమున, పాదరక్షల కర్మాగారపు శ్రామికులకు పంచవలసిన 15,000 డాలర్లకు పైబడిన జీతపుసొమ్మును కొనిపోవుచుండిన ఫ్రెడరిక్ పార్మెంటరును, అతనికి రక్షకుడుగా నడచుచుండిన అలెస్సాండ్రో బెరార్డెల్లిని నడివీధిలో కాల్చి చంపి, దుండగులు మోటారుకారులో పలాయనులైరి. మూడు వారములు తిరుగకమునుపే నికోలా సాకో అను చెప్పుల కర్మాగారపు పనివాడును, బార్టొలోమియో వాంజెట్టీ అను చేపల వర్తకుడును పట్టుబడిరి. ఇరువురును ఇటలీనుండి వలసవచ్చినవారు. ఇరువురును రాజ్యాధికారమునే నిరాకరించు అరాజకవాదులు. ఇరువురియొద్దను తుపాకులు దొరకుటయు, ఇరువురును పోలీసులకు అసత్యములు చెప్పుటయు యథార్థములే. ఆ అసత్యములు అపరాధభావమునకు చిహ్నములని ప్రాసిక్యూటరు కాట్జ్‌మన్ వాదింపగా, తమ విశ్వాసములు బయల్పడినచో దేశమునుండి వెడలగొట్టుదురను భయమే తమచేత నట్లు పలికించినదని ముద్దాయిలు చెప్పుకొనిరి.

వారు దోషులా నిర్దోషులా యని తేల్చుట ఈ వ్యాసమునకు లక్ష్యము కాదు. సందిగ్ధమైన సాక్ష్యము ఒకరినుండి యొకరికి చేరిన కొలదిని నిశ్చయరూపమును దాల్చుటయు, ఆ నిశ్చయమును మరల తూచి చూడవలసిన అధికారము దానిని మొదట నమ్మిన న్యాయాధిపతి చేతనే నిలిచిపోవుటయు, ఈ రెండును కలిసి రెండు ప్రాణములను హరించినవని నా ప్రతిపాదన.

నాటి వాతావరణమును తలపక ఆ విచారణను అర్థము చేసికొనుట దుష్కరము. 1920 జనవరిలో అటార్నీ జనరల్ పామర్ ఆజ్ఞచే వేలకొలది విదేశీయులు నిర్బంధింపబడిరి. ఆ సెప్టెంబరులో న్యూయార్కు వాల్‌స్ట్రీటున బాంబు ప్రేలి అనేకులు మరణించిరి. పత్రికలు దినదినమును ఎఱ్ఱవారి (విప్లవవాదుల) భీతిని పెంచి పోషించుచుండగా, 1921 మే 31న డెడ్‌హామ్ న్యాయస్థానమున ఆరంభమైన విచారణలో, ఇనుపకటకటాల నడుమ కూర్చుండబెట్టబడిన ఈ యిరువురిని జూరీ తొలిసారి చూచినది. ఆ జూరీవారి మనస్సులు పత్రికలవలన ఎంతమాత్రమును కలుషితములు కాలేదని చెప్పుట సాహసమే యగును.

సాక్ష్యములలో ఒక టోపీని నిదానముగా పరికింతము. బెరార్డెల్లి కళేబరము చెంత దొరకినదని చెప్పబడిన ఆ టోపీ లోపలి అస్తరున చిరుగొకటి యుండెను. సాకో తన కర్మాగారమున టోపీని మేకునకు తగిలించుట అలవాటు గనుక, ఆ చిరుగు మేకు చేసినదేయనియు, టోపీ సాకోదేయనియు ప్రాసిక్యూషనువారు జూరీని నమ్మించిరి. ఆరేండ్ల తరువాత, 1927లో, ఈ అభియోగమును పరిశీలింప గవర్నరు నియమించిన లోవెల్ సంఘము ఎదుట బ్రెయిన్‌ట్రీ పోలీసు అధిపతి గాలివన్ నిలిచి, టోపీ హత్య జరిగిన మఱునాడు గాని తనకు చేరలేదనియు, సొంతదారుని గుర్తు ఏమైన దొరకునేమోయని అస్తరును చింపినవాడను తానేయనియు చెప్పెను. అనగా మేకు చేసినదని జూరీ నమ్మిన రంధ్రము పోలీసు చేతివ్రేళ్ల పని! ఇది అల్పవిషయమని సంఘము త్రోసిపుచ్చెను. అల్పమే యైనచో విచారణలో దానిని అంతగా ప్రస్తావించుట యేల?

తుపాకిగుండు విషయమున జరిగినది ఇంతకంటె గంభీరము. బెరార్డెల్లిని చంపిన గుండు సాకో పిస్తోలునుండి వెలువడి యుండుటకు అనుగుణముగనే యున్నదని ప్రాసిక్యూషను పక్షమున పోలీసు కాప్టెన్ ప్రోక్టర్ సాక్ష్యమిచ్చెను. న్యాయాధిపతి వెబ్‌స్టర్ థేయర్ జూరీకి దానిని ఆ పిస్తోలునుండియే వెలువడెనను అర్థము వచ్చునట్లు వివరించెను. 1923లో ప్రోక్టర్ అఫిడవిట్ దాఖలు చేసి, అట్టి నమ్మకము తనకు లేదనియు, ఆ సంగతి ప్రాసిక్యూషనువారికి ముందే తెలుపగా, తదనుగుణముగా ప్రశ్నను కూర్చిరనియు వెల్లడించెను.

జూరీ యిరువురిని దోషులని నిర్ణయించిన పిదప, ఇట్టి లోపములను సవరింపవలసిన వారెవరు? ఆనాటి మసాచుసెట్స్ చట్టము ప్రకారము అత్యున్నత న్యాయస్థానము న్యాయసూత్రములను మాత్రమే పరిశీలించునుగాని, సాక్ష్యబలమును తిరిగి తూచదు. అందుచేత పునర్విచారణ కోరిన దరఖాస్తులన్నియు థేయర్ ముందునకే పోయినవి. తుదకు ఆయన పక్షపాతమునే ఆక్షేపించిన దరఖాస్తును సైతము ఆయనయే విని కొట్టివేసెను. (సెషన్సు కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు సాక్ష్యముతో సహా పరిశీలించి ధ్రువపరచినగాని అమలు జరుపరాదని మన దేశమున 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడే విధించినది, పరాధీనదేశపు శాసనమున ఉన్న ఈ రక్షణ స్వతంత్రరాష్ట్రమున లేకుండుట చింతనీయము.)

పత్రికలు తమ తొలి వైఖరిలోనే ఉండిపోలేదు. 1926 అక్టోబరులో బోస్టన్ హెరాల్డ్ తన పూర్వాభిప్రాయమును బహిరంగముగా విడనాడి పునర్విచారణ కావలెనని వ్రాసి, ఆ సంపాదకీయమునకు పులిట్జర్ బహుమానము నందెను. 1927 మార్చిలో న్యాయశాస్త్రాచార్యుడైన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ అట్లాంటిక్ మాసపత్రికలో సాక్ష్యములను ఒక్కొక్కటిగా విప్పి చూపగా, సాక్ష్యశాస్త్రమున ప్రామాణికుడైన విగ్మోర్ ఆయనపై తీవ్రముగా విరుచుకొని పడెను. కాని ప్రపంచమంతట చెలరేగిన అభిమానోద్రేకములో ముద్దాయిలకు ప్రతికూలమైన విషయములు మరుగున పడినవి. భీతివలె భక్తియు సాక్ష్యమును కప్పివేయగలదు. 1961లో జరిగిన పరీక్ష ఆ గుండు సాకో పిస్తోలునుండియే వెలువడినదని సూచించినది. అయితే ఆ గుండు మార్చబడినదను ఆరోపణ నేటికిని వివాదాస్పదముగనే యున్నది.

1927 ఆగస్టు 23న చార్ల్స్‌టౌన్ చెరసాలలో ఇరువురును విద్యుదాసనమున ప్రాణములు కోల్పోయిరి. పండ్రెండేండ్ల అనంతరము, 1939లో, మరణశిక్షా వ్యవహారములలో సాక్ష్యమునంతటిని పరిశీలించు అధికారము రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానమునకు శాసనముచే సంక్రమించినది. 1977లో గవర్నరు డుకాకిస్ వెలువరించిన ప్రకటన వారి దోషమును గూర్చి యేమియు తీర్పు చెప్పక, వారికి న్యాయమైన విచారణ జరుగలేదని మాత్రము అంగీకరించెను. మిగిలియున్న సాక్ష్యము మన కింతకు మించి చెప్పు నధికారము నీయదని నా విశ్వాసము.