పాచిక, పట్టిక, పద్యము: ఆశుకల్పనకు తోడ్పడు సాధనములు

1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను ప్రకటించిరి. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. ఒక్కడు సూత్రధారుడై కథ నడుపును. పాత్రధారులు ఏ ద్వారము తెరతురో, ఎవనితో కలహింతురో సూత్రధారుడు ముందుగా ఎరుగడు. అట్టి తరుణమున అతనిని ఆదుకొనునవి పాచికలును పట్టికలును. పడిన అంకెకు ఎదుట ‘తోడేళ్ల గుంపు’ అనియో, ‘పాడుపడిన గుడి’ అనియో వ్రాసియుండును. దానిని నడచుచున్న కథకు అతుకు కనబడకుండ అతికించుట అతని నేర్పు. 1979లో వెలువడిన సూత్రధారుల మార్గదర్శి గ్రంథమున ఇట్టి పట్టికలు పుటలకొలది కలవు.

ఒకవైపు ఎలక్ట్రానిక్స్ సిటీ, మరొకవైపు హోసూరు గల చందాపుర వంటి చోట తెలుగింటి పిల్లలకు ఈ ఆట తెలిసియుండుట వింత కాదు. ఇట్టి సామగ్రి తమ భాషలోను కలదని వారికి చెప్పువారు అరుదగుటయే విచారింపదగినది.

పాచికను పట్టికతో ముడివేయుట ఈ దేశమున మిక్కిలి పాతది. 1890లో మధ్య ఆసియాలోని కూచా ప్రాంతమున బోవర్ అను సైనికోద్యోగికి దొరకిన భూర్జపత్ర ప్రతిలో ఏడు గ్రంథభాగములుండగా, అందు రెండు పాచికలతో ప్రశ్న చెప్పు శాస్త్రమునకు సంబంధించినవి. నాలుగు ముఖముల పాచికతో మూడంకెలు పొందినచో కూర్పులు 64. కూర్పు కూర్పునకు ఒక ఫలము వ్రాయబడినది. మన వైకుంఠపాళి కూడ గవ్వలు పలికించు పటమే గాని, అందు ఆడువానికి నోరు విప్పవలసిన పనిలేదు. కనుక ఆశుకల్పన చరిత్రలో దానికి పెద్ద చోటు లేదు.

అసలు పట్టిక ఛందశ్శాస్త్రమున కలదు. పింగళుని నాటినుండి వచ్చుచున్న ప్రస్తారము గురులఘువుల కూర్పులన్నిటిని వరుసగా వ్రాసిన పట్టికయే. పాదమునకు నాలుగక్షరములైన 16, ఆరైన 64, ఇరువదియైన 10,48,576 వృత్తములు పుట్టును. ఇంత పెద్ద పట్టికను వ్రాసిపెట్టుకొనువాడెవడు? అందుచేతనే పూర్వులు ‘నష్టము’, ‘ఉద్దిష్టము’ అను ప్రక్రియలను కల్పించిరి. సంఖ్య చెప్పిన వృత్తరూపము రాబట్టుట నష్టము. రూపము చెప్పిన సంఖ్య రాబట్టుట ఉద్దిష్టము.

నష్టము చేయు విధము సులభము. సంఖ్య సరియైనచో లఘువు వ్రాసి సగము చేయవలెను. బేసియైనచో గురువు వ్రాసి, ఒకటి కలిపి సగము చేయవలెను. నాలుగక్షరముల ప్రస్తారమున ఆరవది ఏది? ఆరు సరి: లఘువు, మిగిలినది మూడు. మూడు బేసి: గురువు, మిగిలినది రెండు. రెండు సరి: లఘువు, మిగిలినది ఒకటి. ఒకటి బేసి: గురువు. ‘మహాకవీ’ అని పిలిచి చూచిన సరిగా ఆ నడకయే వినబడును. ఈ గణితముననే ఉత్పలమాల ఇరువదియక్షరముల ఛందమున 355799వది, మత్తేభవిక్రీడితము 298676వది అని తేలును. పాఠశాలలలో ఛందస్సు గణవిభజనతో ఆగిపోవుటచేత ఈ వినోదము పిల్లలకు దక్కుట లేదు. లెక్కల ఉపాధ్యాయుడు చెప్పదగిన పాఠమిది.

కవికి రెండవ పట్టిక నిఘంటువు. అమరకోశమును, తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహమును పిల్లలచే వల్లె వేయించుట అర్థజ్ఞానమునకు మాత్రమే కాదు. సూర్యుని చెప్పవలసివచ్చి నగణము కావలసినచోట ‘ఇనుడు’, భగణము కావలసినచోట ‘భానుడు’, రెండు లఘువులే చాలినచోట ‘రవి’ నోటికి రావలెను. దీనిపై యతి యొకటి. ఉత్పలమాల పాదము భకారముతో మొదలైనచో పదియవ అక్షరము ప, ఫ, బ, భల వంటి మిత్రవర్ణమై, అచ్చు కూడ పొసగవలెను. ఇన్ని వాకిళ్లు దాటిన పదము క్షణములో దొరకుట పుట్టుకతోడి ప్రతిభ మాత్రమే కాదు, నిండిన గాదె కూడ.

ఇక అవధానమున పాచిక వేయువాడు పృచ్ఛకుడు. దత్తపదిలో నాలుగు పొంతనలేని పదములిచ్చి భారతార్థమున పద్యము చెప్పుమనును. ‘కారు’, ‘పెన్’, ‘టీ’ అనినచో అవధాని వానిని కారుమబ్బులోను, పెన్నిధిలోను, కిరీటీ అను సంబోధనలోను దాచును. నిషిద్ధాక్షరిలో అక్షరమక్షరమునకు తరువాతి దానిని అడ్డగింతురు. ఇచట క్రీడాపట్టికకును అవధానమునకును గల భేదము గమనింపదగినది. పాచికకు పగ లేదు, పృచ్ఛకునికి పంతము కలదు. అమెరికా క్రీడలో యాదృచ్ఛికత సూత్రధారునికి ఆసరా. అవధానమున అది ఎదిరి పక్షము, పట్టికలే ఆసరా.

నిలువ సరుకుతో చెప్పినది ఆశువు ఎట్లగునను ఆక్షేపణ పాతదే. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో తిరుపతి వేంకటకవుల పక్షమునకును, ఆశుధారావేగమునకు పేరుగన్న కొప్పరపు సోదరకవుల పక్షమునకును గుంటూరు సీమలో చెలరేగిన వివాదమున అహంకారముల పాలు తక్కువ కాదు. కాని దాని అడుగున ఒక నిజమైన ప్రశ్న ఉన్నది: కవిత్వమునకు కొలమానము వేగమా, పాకమా? వేగమునకు గాదెయే చాలును. పాకమునకు గాదెలోనిదానిని విడిచిపెట్టగల వివేకము కావలెను. వల్లె వేసిన పదము వాడుట దొంగతనము కాదు. ప్రశ్నను ముందుగా తెలిసికొని సభలో తడుముకొన్నట్లు నటించుట దొంగతనము. ఈ రెంటిని కలిపివేసి అవధానులందరిని ధారణాయంత్రములని త్రోసిపుచ్చువారు తమ చెవికి అన్యాయము చేసికొనుచున్నారు.

బెంగుళూరు తెలుగువారికి ఇది దూరపు ముచ్చట కాదు. కోలారున జన్మించిన శతావధాని ఆర్. గణేశ్ 2012లో ఈ నగరముననే కన్నడమున శతావధానము నిర్వహించిరి. దత్తపది, సమస్య, నిషిద్ధాక్షరి మొదలగు అంశములు అచటను అవే. భాష రానివాడును కూర్చుండి తాళము పట్టవచ్చును: కన్నడమున సైతము ఉత్పలమాల ఉత్పలమాలయే, దాని సంఖ్య 355799.